కమిటీలో పేషెంటుకు కుర్చీ వేసేముందు

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

రుమటాయిడ్ కీళ్లవాతానికి ఎలా వైద్యం చేయాలో చెప్పే గైడ్‌లైన్ రాసే కమిటీకి కన్వీనరుగా ఒప్పుకున్నందుకు చాలా సంతోషం. ముసాయిదా సిద్ధమయ్యాక పేషెంట్లకు చూపిద్దామని రాశావు. ఆ ఒక్క ఆలోచన మార్చుకో. అప్పటికి గైడ్‌లైన్ జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు ఖాయమైపోతాయి, అధ్యయనాలు వెతకడమూ అయిపోతుంది. ఇక వాళ్లకు మిగిలేది అచ్చుతప్పులు దిద్దడమే. ప్రశ్నల జాబితా రాసే మొదటి మీటింగుకే పిలువు.

ఎందుకో ఈ కీళ్లవాతం చరిత్రలోనే రుజువుంది. ఎన్ని కీళ్లు వాచాయి, నొప్పి ఎంత, ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్ రక్తపరీక్షలో అంకె ఎంత అని డాక్టర్లు ఏళ్ల తరబడి కొలిచారు. కీళ్లజబ్బుల మందుల్ని పరీక్షించేటప్పుడు ఏమేం కొలవాలో తేల్చే అంతర్జాతీయ బృందం ఓమెరాక్ట్. 2002లో దాని సదస్సుకు మొదటిసారి పేషెంట్లను పిలిస్తే, తమను కుంగదీసే నీరసం ఆ కొలతల్లో ఎక్కడా లేదన్నారు. తరవాతనే ఆ నీరసాన్నీ ట్రయల్స్‌లో, అంటే మనుషుల మీద చేసే మందుల పరీక్షల్లో, కొలవాలన్న నిర్ణయం వచ్చింది. మందు పనిచేసిందనడానికి ఏది గుర్తో చెప్పే హక్కు వాళ్లకుంది, అందుకే తొలి మీటింగు అంటున్నాను.

ఒక్కరిని మాత్రం పిలవకు. పదిహేనుమంది డాక్టర్ల మధ్య ఒంటరి మనిషి నోరు విప్పలేడు. బ్రిటన్‌లో గైడ్‌లైన్లు తయారుచేసే నైస్ సంస్థ కనీసం ఇద్దరిని కూర్చోబెడుతుంది. నువ్వు ముగ్గురిని తీసుకో. జబ్బు ముదిరి ఒకరు రాలేకపోయినా ఇద్దరుంటారు. నీ ఓపీలో చూపించుకునేవాళ్లు వద్దు, రేపు మళ్లీ నీ దగ్గరికే రావాలి కాబట్టి నీ మాట కాదనరు. మందుల కంపెనీ నుంచి డబ్బు తీసుకునే పేషెంట్ల సంఘం మనిషైతే, ఎవరి నుంచి ఏం లాభం పొందుతున్నారో చెబుతూ డాక్టర్లు నింపిన ప్రయోజనాల ప్రకటనే వాళ్లూ నింపాలి. ఎంత చురుకైనవాళ్లైనా ముగ్గురు అందరి మాటా చెప్పలేరు. కూలి పనికి వెళ్లేవాళ్లతో, ఊళ్లనుంచి వచ్చేవాళ్లతో ఆరేడుగురి చొప్పున రెండు మూడుచోట్ల విడిగా కూర్చుని మాట్లాడించు. రక్తపరీక్షకు ఎంత దూరం పోవాలి, ఆ రోజు కూలి ఎంత పోతుంది అన్నవి అక్కడే తేలతాయి.

మీటింగు పొద్దున్న ఎనిమిదికి పెట్టకమ్మా. ఈ జబ్బున్నవాళ్లకు పొద్దున కీళ్లు బిగుసుకుపోతాయి. పదకొండు తరవాత, మెట్లెక్కనక్కర్లేని గదిలో పెట్టు. కాగితాలు రెండు వారాల ముందే పంపు, తెలుగులో ఒక పేజీ సారాంశంతో. మొదటి మీటింగుకు ముందు ఒక పూట కూర్చుని, ట్రయల్ అంటే ఏమిటో, వందమందిలో ఎంతమందికి మేలు అని లెక్క ఎలా చెబుతారో నేర్పించు. దారిఖర్చు, ఆ రోజు భత్యం అదేరోజు చేతికివ్వాలి. బిల్లులు పెట్టి నెలల తరబడి తిప్పితే రెండో మీటింగుకు రారు.

నొప్పి, నీరసం లాంటి ఫలితాల్లో ఏది ఎంత ముఖ్యమో ప్రాధాన్యం కట్టేటప్పుడు, సాక్ష్యాలను తూచి సిఫారసులు రాసే గ్రేడ్ పద్ధతిలో 1 నుంచి 9 దాకా అంకెలు వేస్తాం కదా, 7 నుంచి 9 అంటే అత్యంత ముఖ్యం. ఒకరి అంకెలు ఒకరికి కనపడకుండా వేయించు. డాక్టర్లు 4 వేసి పేషెంట్లు 8 వేసిన చోట ఆగి, పేషెంట్లనే ముందు మాట్లాడమను. చివర్లో ‘మీరేమైనా అంటారా’ అని అడగడం మర్యాదే కానీ, అప్పటికి అందరూ సంచులు సర్దుకుంటూ ఉంటారు.

తికమకంతా ఒకచోటే వస్తుంది. ‘నాకు ఆ మందు బాగా పనిచేసింది’ అని ఎవరైనా అంటే అది మందు గుణానికి సాక్ష్యం కాదు, ఆ తూకం ట్రయల్స్‌దే. మృదువుగా ఆ సంగతి చెప్పి, ఏ ఇబ్బందిని భరించగలరో, దేన్ని భరించలేరో అడుగు. ఈ జబ్బుకు వాడే మెతోట్రెక్సేట్ మందును వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. చీటీలో సోమవారమో మంగళవారమో రోజు పేరుపెట్టి రాయాలన్న సూచన వాళ్లనుంచే రావచ్చు. పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్లు ఆ మందు ఎప్పుడు ఆపాలన్నది కూడా విడి ప్రశ్నగా ఉండాలి. మనుషుల ఇష్టాలు బాగా వేరుపడితే సిఫారసును గట్టిగా కాక షరతుతో రాయండి.

వాళ్లు చెప్పిన ప్రతి సూచనకూ పట్టికలో ఒక వరుస కేటాయించు. ఏం చెప్పారు, తీసుకున్నామా, తీసుకోకపోతే ఎందుకు అన్నది రాసి వాళ్లకు పంపు. పేషెంట్ల అభిప్రాయం తీసుకున్నారా అని, గైడ్‌లైన్ల నాణ్యత తూచే అగ్రీ-2 కొలమానంలోని 23 అంశాల్లో ఒకటి అడుగుతుంది, ఆ పట్టికే నీ జవాబు. తెలుగు సారాంశాన్ని అచ్చుకిచ్చేముందు కమిటీతో సంబంధంలేని ఇద్దరు పేషెంట్లతో పైకి చదివించు. వాళ్లు తడబడిన ప్రతి వాక్యాన్నీ తిరగరాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు