బార్లు కొనేముందు బరువు తూచుకో

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. క్యారవాన్, అదే చక్రాల మీది ఇల్లులాంటి ట్రెయిలర్, తయారైందని, ఈ సంక్రాంతికి యలహంక నుంచి చిత్తూరు దాకా కారుకి తగిలించుకునే వస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, అంటే క్యారవాన్‌ని కారుకి తగిలించి దాని బరువుని స్ప్రింగ్ బార్లతో ఇరుసులన్నిటికీ పంచే సామాను, విదేశం నుంచి తెప్పిస్తున్నావని కూడా అంది. ఇంకా డబ్బు కట్టకపోతే కాస్త ఆగు. టెక్సాస్‌లో పదేళ్లు ట్రెయిలర్ లాగినవాణ్ణి, ఒకసారి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

ఆ రోజు అల్మారాలన్నీ వెనకవైపే నింపాను. దిగుడు రోడ్డులో పెద్ద లారీ ఒకటి నన్ను దాటింది. ఆ గాలికి ట్రెయిలర్ తోక ఊగడం మొదలుపెట్టింది. భయంతో కారు బ్రేకు తొక్కాను, ఊపు రెట్టింపైంది. రోడ్డు పక్క గడ్డిలో ఎలా ఆగామో ఆ దేవుడికే తెలియాలి. అప్పుడు నా బండికి ఖరీదైన హిచ్ ఉంది. తప్పు సర్దడంలో ఉంది.

మా నాన్న ఎడ్లబండికి బస్తాలు వేసేటప్పుడు ఎప్పుడూ ముందుకే ఒక పిసరు ఎక్కువ వేసేవాడు. వెనక బరువెక్కితే కాడి పైకి లేచి ఎడ్ల గొంతులు బిగుసుకుంటాయి. క్యారవాన్‌కీ అదే లెక్క. నీళ్ల ట్యాంకు వెనక పెట్టించి ఉంటే గుర్తుంచుకో, 90 లీటర్లంటే 90 కిలోలు. నిండు గ్యాస్ సిలిండరు ఇంచుమించు 30 కిలోలు, దాన్ని ముందు పెట్టెలో పెట్టు. బరువైన సామాను ఇరుసు మీదో, దానికి కాస్త ముందో, నేల మట్టానికి దగ్గరగా ఉండాలి.

అంతా సర్దాక హొసకోట వైపు లారీల్ని తూచే ఏదో ఒక వేబ్రిడ్జికి తీసుకెళ్లు. క్యారవాన్ మొత్తం బరువు 1,400 కిలోలు వచ్చిందనుకో. అమెరికా పద్ధతిలో అందులో 10 నుంచి 15 శాతం, అంటే 140 నుంచి 210 కిలోలు బాల్ మీద, అదే కారు వెనక క్యారవాన్‌ని తగిలించే ఇనుప గుండు మీద, పడాలి. యూరప్‌లో ఇంతకన్నా తక్కువతోనే నడుపుతారు, అక్కడ చాలా కార్ల బాల్ హద్దు 100 కిలోల లోపే. ఆ లెక్కనీ ఈ లెక్కనీ కలపకు. నీ కారు మాన్యువల్ ఏం చెబితే అదే చివరి మాట. ఇలాంటి హిచ్ వాడవద్దనే కార్లూ ఉన్నాయి. హిచ్ పెట్టినంత మాత్రాన కారు లాగగల బరువు కిలో కూడా పెరగదు.

హిచ్ ఎందుకో కూడా చెబుతాను. నీ కారు రెండు ఇరుసుల మధ్య 2.7 మీటర్లు, వెనక ఇరుసు నుంచి బాల్ 1.2 మీటర్లు ఉందనుకో. బాల్ మీద 170 కిలోలు పెడితే ముందు చక్రాల మీద నుంచి 75 కిలోలు లేచిపోతాయి, వెనక ఇరుసు మీద 245 పడతాయి. స్టీరింగ్ తేలిపోతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడతాయి. స్ప్రింగ్ బార్లు ఆ బరువులో కొంత ముందు చక్రాలకీ, కొంత క్యారవాన్ ఇరుసుకీ పంచుతాయి. అందుకే బార్లు బాల్ బరువుకి సరిపోయేవే కొనాలి. మరీ గట్టివి కొంటే ప్రతి హంపు దగ్గరా దెబ్బ చాసిస్ మీదే పడుతుంది.

బిగించేటప్పుడు ముందు చక్రం మీది ఫెండర్ అంచు నేలకి ఎంతుందో కొలువు. ఒంటి కారుకి 820 మిల్లీమీటర్లు, క్యారవాన్ తగిలించాక 850 అయితే, బార్లు బిగించాక కనీసం 835కి దిగాలి. 820 కన్నా కిందికి మాత్రం దింపకు. అప్పుడు వెనక చక్రాలకి పట్టు తగ్గుతుంది.

ఇక్కడ నాకు అసలు భయం వెల్డింగ్ షాపులో చేయించిన హిచ్ ఫ్రేము, అంటే కారు కింద హిచ్‌ని పట్టి ఉంచే ఇనుప చట్రం, గురించి. మామూలుగా లాగడానికి అది సరిపోవచ్చు. బార్లు బిగిస్తే మాత్రం దాన్ని మెలిపెట్టే బలం పడుతుంది. వెల్డు పక్కన వెంట్రుకంత పగులు కనిపించినా బార్లు వద్దు.

ఊగుడు ఆపేది వేరే సామాను. చిన్న క్యారవాన్‌కి రాపిడితో ఊపుని అదుపు చేసే ఫ్రిక్షన్ బార్ ఒకటి చాలు, కానీ రివర్స్‌లో బాగా తిప్పేముందు దాన్ని విప్పాలి, వానకి జారే రోడ్డు మీద వదులు చేయాలి. బాల్‌ని బ్రేకు ప్యాడ్లతో పట్టుకునే రకమైతే బాల్ మీద గ్రీజు, పెయింటు ఉండకూడదు. నన్నడిగితే, క్యారవాన్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులు, కారులో వాటి కంట్రోలరు పెట్టించుకో. ఊగుడు మొదలైతే యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, చేత్తో క్యారవాన్ బ్రేకు ఒక్కటే వేయొచ్చు. ఆ రోజు నాకు అదే లేదు.

పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగుతావు కదా, పైనుంచే చిన్న గేరులోకి రా.

ఆదివారం పొద్దున్నే నీ దగ్గరికి వస్తాను. ఇంట్లో బరువు చూసుకునే స్కేలు సిద్ధంగా ఉంచు, గట్టి పలక నేను తెస్తాను. పలక ఒక కొన ఇటుక మీద, రెండో కొన స్కేలు మీద, మధ్య మూడడుగులు. ఇటుక నుంచి అడుగు దూరంలో క్యారవాన్ ముందు కొన, అంటే బాల్ మీద కూర్చునే భాగం, ఆనిస్తే, పలక బరువు తీసేసి వచ్చిన అంకెకి మూడు రెట్లు బాల్ బరువు. అది చూశాకే ఆర్డరు పెడదాం.

మీ మామయ్య