ఆరు గంటలు చదివినా మార్కులు రావట్లేదంటే...

ఒక అమ్మాయి అడిగింది: "సార్, నేను డిగ్రీ సెకండ్ ఇయర్. రోజూ ఐదారు గంటలు చదువుతా, ప్రతి చాప్టర్ మూడుసార్లు చదివి ఇంపార్టెంట్ లైన్లన్నీ హైలైట్ చేస్తా. అయినా లాస్ట్ సెమ్‌లో పదికి 6.4 వచ్చింది, నాకంటే తక్కువ చదివే ఫ్రెండ్‌కి 8 దాటింది. ఎగ్జామ్ హాల్లో అన్నీ చదివినట్టే ఉంటాయి కానీ రాయలేను. ఇంకా ఎక్కువసేపు చదవాలా?"

వద్దమ్మా, గంటలు పెంచకు. "చదివినట్టే ఉంటాయి కానీ రాయలేను" అన్నావు చూడు, సమస్య మొత్తం ఆ ముక్కలోనే ఉంది. మూడోసారి చదివేటప్పుడు కళ్ళు లైన్ల మీద గబగబా వెళ్ళిపోతాయి, ఓహో ఇది వచ్చేసింది అనుకుంటాం, కానీ నీకు వచ్చింది ఆ పేజీని గుర్తుపట్టడం మాత్రమే, పుస్తకం మూసేసి చెప్పమంటే నోరు పెగలదు, ఎగ్జామ్‌లో అడిగేదేమో అదే కదా. నేను కూడా నీలాగే పుస్తకమంతా పసుపు రంగు పూసినవాడినే, చివరికి రంగు వెయ్యని లైన్లే ముఖ్యమైనవేమో అని డౌట్ వచ్చేది.

2006లో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ స్టూడెంట్ల మీద దీన్ని టెస్ట్ చేశారు. ఒక పాఠం చదివించి మళ్ళీ చదివించారు, ఇంకో పాఠం చదివించి, చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివిన పాఠమే ఎక్కువ గుర్తుంది, 81 శాతం, రెండోది 75. అదే వారం తర్వాత అడిగితే చదివింది 42కి పడిపోయింది, రాసింది 56 దగ్గర నిలబడింది. అందుకే రాత్రి చదివి పడుకునేటప్పుడు నీకు అంత ధైర్యంగా ఉంటుంది, పది రోజులయ్యాక హాల్లో కూర్చుంటే అదంతా ఏమైపోయిందో తెలీదు.

కాబట్టి చాప్టర్ ఒక్కసారి శ్రద్ధగా చదువు, పుస్తకం మూసెయ్, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయి. చేతిరాత, వరస, గ్రామర్ ఏదీ పట్టించుకోకు. తర్వాత పుస్తకం తెరిచి ఏది వదిలేశావో ఎర్ర పెన్నుతో అదే కాగితం మీద రాయి, రేపు చదవాల్సింది ఆ ఎర్రగా ఉన్నదే, మిగతాది కాదు. మొదట్లో చాలా చిరాగ్గా ఉంటుంది, సగం కూడా రాదు, నాకేం రావట్లేదని ఏడుపొస్తుంది, అక్కడే చాలామంది ఆపేసి మళ్ళీ హైలైటర్ పట్టుకుంటారు. నువ్వు ఆపకు. లెక్కలు, అకౌంట్స్ లాంటివైతే సొల్యూషన్ మీద కాగితం కప్పి నువ్వే చెయ్యి, పక్కన సొల్యూషన్ చూస్తూ "అవును కరెక్టే" అని తల ఊపితే అది చేసినట్టు కాదు.

ఇంకోటి, ఒకే రోజు ఒకే సబ్జెక్ట్ ఐదు గంటలు లాగకు. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి తన మీద తనే ప్రయోగం చేసుకుని 1885లోనే చూపించాడు, మర్చిపోవడం మొదటి రోజే చాలా ఎక్కువగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అందుకని ఆ కాగితం పని మర్నాడొకసారి, మూడు నాలుగు రోజులకొకసారి, వారం పది రోజులకొకసారి చెయ్యి, ఒక్కోసారికి ఇరవై నిమిషాలు చాలు. ఫోన్ వేరే గదిలో పెట్టు, నిద్ర మానకు, ఇవి నీకు తెలిసినవే.

ఇక గ్రేడ్ సంగతి, దీన్ని ఎవరూ లెక్కేసుకోరు ఎందుకో. మీకు క్రెడిట్ల పద్ధతే అయితే, అంటే యావరేజ్‌లో ఒక్కో సబ్జెక్ట్‌కి ఎంత బరువో క్రెడిట్లే చెప్తాయి, సెమ్‌కి 20 క్రెడిట్లు ఉన్నాయనుకో, 4 క్రెడిట్ల సబ్జెక్ట్‌లో ఒక గ్రేడ్ పాయింట్ పెరిగితే సెమ్ యావరేజ్ 0.2 పెరుగుతుంది, 1 క్రెడిట్ దాంట్లో పెరిగితే 0.05 మాత్రమే. నువ్వు ఇష్టమని ఏ చిన్న సబ్జెక్ట్ మీదో వారాలు పెడుతున్నావేమో ఒకసారి చూసుకో. పాత క్వశ్చన్ పేపర్లు కూడా ఎగ్జామ్ ముందు రోజుకి దాచకు, చాప్టర్ అవగానే అందులోంచి ఒక ప్రశ్న తీసి టైం పెట్టుకుని రాయి.

ముందు ఎక్కువ క్రెడిట్లున్న ఒక్క సబ్జెక్ట్‌తో మొదలెట్టు, అన్నీ ఒకేసారి మార్చకు. రెండు వారాల కాగితాలు పారెయ్యకుండా ఉంచి, ఎరుపు ఎంత తగ్గిందో చూసి మళ్ళీ రాయి నాకు.