మెక్సికోలోని ఎక్స్ఈఆర్ రేడియో అమెరికా వాళ్ల కోసం ఇంగ్లిష్‌లో ఎందుకు ప్రసారం చేసేది?

అమెరికాలో లైసెన్సు పోయిన ఒక వ్యక్తి, అక్కడి నిబంధనలు వర్తించని చోటు నుంచి మళ్లీ అమెరికా శ్రోతలనే చేరుకోవడానికి పెట్టిన స్టేషన్ అది. మేక వృషణాలు అమరిస్తే మగతనం తిరిగొస్తుందని ఆపరేషన్లు చేసిన జాన్ బ్రింక్లీ రేడియో లైసెన్సును అమెరికా 1930లో పొడిగించలేదు. మరుసటి ఏడాదే ఆయన టెక్సస్‌లోని డెల్ రియోకు ఎదురుగా, సరిహద్దు నది రియో గ్రాండే అవతల, మెక్సికోలోని వియా అకూన్యాలో ఎక్స్ఈఆర్ మొదలుపెట్టాడు.

మెక్సికో ఎందుకు ఒప్పుకుంది? మీడియం వేవ్ ఫ్రీక్వెన్సీలను అమెరికా, కెనడా తమలో తామే పంచుకున్నాయి. వాటా దక్కని మెక్సికోకు వాళ్ల మాట వినాల్సిన అవసరమేముంది?

అమెరికా స్టేషన్ల ప్రసార శక్తికి మామూలుగా 50 కిలోవాట్లే పరిమితి. ఇదే స్టేషన్ తర్వాత ఎక్స్ఈఆర్ఏ పేరుతో 500 కిలోవాట్లకు ఎదిగింది. 1930ల చివర్లో కార్టర్ ఫ్యామిలీ అనే అమెరికా జానపద గాయక బృందం పాటలు అమెరికాలో దూరదూరాలకు చేరింది దీని ద్వారానే.

చాలామంది దీన్ని దొంగ రేడియో అనుకుంటారు. కాదు, మెక్సికో ప్రభుత్వ లైసెన్సు ఉంది. పేరు మొదట్లోని 'ఎక్స్ఈ' మెక్సికోకు కేటాయించిన అక్షరాలే. ఉత్తర అమెరికా దేశాల మధ్య ఫ్రీక్వెన్సీల ఒప్పందం 1941లో అమల్లోకి వచ్చాక మెక్సికోయే దాన్ని మూయించింది.