ఇంటి పన్ను, పార్కు స్థలం, డివిజన్ నిధులు: ఇందులో కౌన్సిల్ చేతిలో ఎంత ఉంది?

ఒంగోలు నుంచి అడిగిన ఈ ప్రశ్నలో మూడు సందేహాలు ఉన్నాయి. కౌన్సిల్ తీర్మానం చేస్తే పెరిగిన ఇంటి పన్ను తగ్గుతుందా? లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలాన్ని కౌన్సిల్ మరొకరికి కేటాయించవచ్చా? డివిజన్‌కు, అంటే నగరపాలక సంస్థలోని వార్డుకు, నిధులు రావడం లేదంటే ఎవరిని అడగాలి? నెల్లూరు జిల్లాలోని ఒక పట్టణంలో కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శిగా కొన్నేళ్లు పురపాలక కార్యాలయం చుట్టూ తిరిగిన అనుభవంతో సమాధానం రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పన్ను విషయంలో కౌన్సిల్‌కు ఉన్న స్వేచ్ఛ మనం అనుకునే దానికంటే చాలా తక్కువ. స్థలాల విషయంలో దాని మాటకు బరువు ఎక్కువ. కాబట్టి ప్రజలు తమ శక్తిని పన్ను మీద కంటే స్థలాల మీద పెట్టడం మేలు, అది కూడా సమావేశం జరిగిన తరువాత కాకుండా అజెండా తయారయ్యే దశలోనే.

నెల్లూరు పురపాలక సంఘం 1866లోనూ, ఒంగోలు పురపాలక సంఘం 1876లోనూ ఏర్పడ్డాయి. మొదటిది 2004లో, రెండవది 2012లో నగరపాలక సంస్థలయ్యాయి. నగరపాలక సంస్థలు 1955 నాటి చట్టం కింద, కావలి, ఆత్మకూరు వంటి పురపాలక సంఘాలు 1965 నాటి చట్టం కింద నడుస్తాయి. 1993 జూన్‌లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలులో 18 అంశాలను పట్టణ స్థానిక సంస్థల కోసం పేర్కొన్నది. అయితే ఏ అధికారాన్ని ఏ మేరకు ఇవ్వాలన్నది రాష్ట్ర శాసనసభ ఇష్టానికే వదిలింది. అందువల్ల కౌన్సిల్ సొంతంగా ఉపవిధులు (బైలాలు) చేసుకున్నా అవి ప్రభుత్వ ఆమోదం లేకుండా అమలులోకి రావు. ఒక తీర్మానం చట్టానికి విరుద్ధమని కమిషనర్ భావిస్తే దానిని ప్రభుత్వానికి నివేదించవచ్చు, ప్రభుత్వం దానిని నిలిపివేయవచ్చు లేదా రద్దు చేయవచ్చు. సభలో బల్లలు చరిచి ఆమోదించిన తీర్మానం తరువాత ఏమైందో కనుక్కొనేవారు ఎందుకో చాలా తక్కువ.

ఇంటి పన్ను సంగతికి వస్తే, మన రాష్ట్రంలో 2021 ఏప్రిల్ వరకు వార్షిక అద్దె విలువను బట్టి పన్ను లెక్కించేవారు. 2020లో చట్టాలను సవరించి, స్థలం, కట్టడం రెండింటి మూలధన విలువను, అంటే రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించే మార్కెట్ విలువను, ప్రాతిపదికగా తీసుకున్నారు. నివాస భవనాలకు ఆ విలువపై 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పరిధిని చట్టమే నిర్ణయించింది. ఆ పరిధిలో ఒక రేటును ఎంచుకొని, ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు స్వీకరించి, తుది తీర్మానం చేయడమే కౌన్సిల్ పని. 0.10 శాతం కంటే తగ్గించమని ఎంత గట్టిగా కోరినా ఆ అధికారం సభకు లేదు. ఈ మార్పు వెనుక కూడా ఒక నిధుల కథ ఉంది. 2020 మే నెలలో కేంద్రం రాష్ట్రాలకు అదనపు రుణాలు తీసుకొనే వీలు కల్పిస్తూ, అందులో కొంత భాగానికి పట్టణ సంస్థల సంస్కరణలను షరతుగా పెట్టింది. ఆస్తి పన్ను కనీస రేట్లను మార్కెట్ విలువలతో ముడిపెట్టడం అందులో ఒకటి. కేంద్రం నిధుల పంపకాన్ని సిఫారసు చేసే 15వ ఆర్థిక సంఘం కూడా పట్టణాల గ్రాంట్లకు ఇలాంటి షరతునే విధించింది. కాబట్టి మీ డివిజన్ కార్పొరేటర్‌ను ఈ విషయంలో నిలదీయడం వల్ల ఆయనకు ఇబ్బంది తప్ప మీకు ప్రయోజనం ఉండదు.

కానీ మీ ఒక్క ఇంటి లెక్క తప్పని మీరు భావిస్తే అది వేరే విషయం, దానికి కౌన్సిల్‌తో పనే లేదు. కొత్త విధానం వచ్చినప్పుడు ఏటా పెరిగే పన్ను ముందటి సంవత్సరపు పన్నులో 15 శాతానికి మించరాదని పరిమితి విధించారు. ఉదాహరణకు మార్కెట్ విలువ 30 లక్షలు, రేటు 0.12 శాతం అనుకుంటే సంవత్సరానికి 3,600 రూపాయలు అవుతుంది. అంతకు ముందు 2,000 కడుతూ ఉంటే మొదటి ఏడాది 2,300, మరుసటి ఏడాది 2,645 చొప్పున పెరగాలి తప్ప ఒకేసారి 3,600కు చేరకూడదు. విస్తీర్ణం, అంతస్తులు, కట్టడం రకం, నివాసమా వ్యాపారమా అన్న వివరాల్లోనే పొరపాట్లు ఎక్కువగా దొర్లుతాయి. కింద చిన్న దుకాణం ఉన్నంత మాత్రాన మొత్తం ఇంటిని వాణిజ్య భవనంగా నమోదు చేసిన ఉదాహరణలు మా వీధిలోనే చూశాను. పన్ను గురించి మీకు వచ్చే ప్రత్యేక నోటీసులో చెప్పిన గడువులోగా కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ ఇచ్చి, వార్డు సచివాలయం సిబ్బందితో కొలతలు మళ్లీ తీయించుకోవడమే మార్గం. పిటిషన్ పెట్టాం కదా అని పన్ను కట్టడం ఆపవద్దు. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. మరో మాట. మీ రసీదులో కనిపించే గ్రంథాలయ సెస్సు, అంటే రూపాయికి 8 పైసలు, పురపాలక సంస్థ ఖర్చు కోసం కాదు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసిన సొమ్ము.

ఇక స్థలాల విషయం. లేఅవుట్ అనుమతి పొందేటప్పుడు విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలాన్ని యజమాని గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు రాసి ఇవ్వాలి. రాసి ఇచ్చాక ఆ స్థలానికి సంస్థ యజమాని అయినప్పటికీ, తన ఇష్టం వచ్చినట్టు వాడుకొనే యజమాని కాదు. బెంగుళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఆసుపత్రి కోసం ఒక ప్రైవేటు ట్రస్టుకు ఇచ్చిన నిర్ణయం చెల్లదన్న హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 1991లో సమర్థించింది. అప్పటి నుంచి ఈ తరహా వివాదాల్లో ఆ తీర్పునే అందరూ ముందు పెడతారు.

మా కాలనీకి ఇదే అనుభవం ఎదురైంది. ఒక సాధారణ సమావేశంలో, ముందుగా సభ్యులకు పంపిన అజెండాలో లేని అంశం, కార్యాలయ భాషలో టేబుల్ అజెండా, మా లేఅవుట్ ఖాళీ స్థలంలో కొంత భాగాన్ని ఒక ప్రైవేటు సంఘం భవనానికి ఇచ్చే ప్రతిపాదనగా రాబోతున్నదని ముందు రోజు సాయంత్రం మాకు తెలిసింది. ధర్నా చేద్దామన్నవారు కొందరు, కోర్టుకు పోదామన్నవారు మరికొందరు. చివరకు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి అంతకు ముందే తెచ్చి ఉంచుకున్న గిఫ్ట్ డీడ్ ధ్రువీకృత నకలు, ఆమోదిత లేఅవుట్ ప్లాను జతచేసి, ఒకే పేజీ వినతిపత్రాన్ని చైర్మన్‌కు, కమిషనర్‌కు, మా వార్డు కౌన్సిలర్‌కు ఇచ్చి అందినట్టు ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకున్నాం. మరుసటి రోజు సభలో మా కౌన్సిలర్ ఆ కాగితాలు చూపించి, పట్టణ ప్రణాళికా విభాగం అభిప్రాయం లేకుండా దీనిని ఎలా చర్చిస్తారని అడిగారు. అంశం వాయిదా పడింది, తిరిగి సభ ముందుకు రాలేదు. ఆయన మంచి వక్త అని ఎవరూ అనరు. చేతిలో కాగితం ఉంది, అంతే.

అదే స్థలానికి ప్రహరీ కట్టించడం మాత్రం ఇంకా కష్టమైంది, ఎందుకంటే అక్కడి నుంచి మాకు నిధుల వ్యవహారం మొదలైంది. పురపాలక సంస్థకు వచ్చే డబ్బంతా ఒకే ఖాతాలో పడి, సభ్యులు పంచుకొనేది కాదు. ఇంటి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, దుకాణ గదుల అద్దెలు, భవన అనుమతుల ఫీజులు, ఆస్తుల రిజిస్ట్రేషన్‌పై వసూలయ్యే 1.5 శాతం బదలాయింపు సుంకంలో వాటా, ఇవన్నీ సాధారణ నిధి కిందికి వస్తాయి. అందులో నుంచి పారిశుద్ధ్య కార్మికుల వేతనాలు, వీధి దీపాల, నీటి మోటార్ల కరెంటు బిల్లులు పోగా మిగిలినదే కౌన్సిల్ నిజంగా నిర్ణయించగల మొత్తం. 2021-26 కాలానికి ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు. దానితో పార్కు గోడ కట్టమంటే ఇంజనీరు చేయలేరు. పట్టణాల తాగునీటి కోసం కేంద్రం తెచ్చిన అమృత్ వంటి పథకాల పనులు రాష్ట్ర, కేంద్ర స్థాయిలో ఆమోదం పొంది వస్తాయి. ఒంగోలులో తాగునీటి పైపులైను గురించి అడుగుతున్నారంటే మొదట అది ఏ పద్దు కింద ఉన్నదో తెలుసుకోవాలి.

మా ప్రహరీ విషయంలో కదలిక వచ్చింది అంచనా తయారైన తరువాతే. అంచనా లేని పని అజెండాకు ఎక్కదు. అజెండాకు ఎక్కినా బడ్జెట్‌లో పద్దు లేకపోతే టెండరుకు పోదు. డివిజన్ సమస్యను సభలో జీరో అవర్‌లో ప్రస్తావించమని కార్పొరేటర్‌ను కోరడం కంటే, ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) స్థలం చూపించి ఖర్చు అంచనా వేయించమని కోరండి. నగరపాలక సంస్థలో బడ్జెట్ మొదట స్థాయీ సంఘం (స్టాండింగ్ కమిటీ) ముందుకు, తరువాత సర్వసభ్య సమావేశానికి వెళుతుంది. సర్వసభ్య సమావేశం నాటికి అంకెలు దాదాపు స్థిరపడి ఉంటాయి కాబట్టి దానికి ఒక నెల ముందే అడగాలి.

చివరగా, దుకాణ గదుల అద్దెల మీద కూడా ఒక కన్ను వేయండి. లీజు మూడేళ్లకోసారి 33 శాతం పెంపుతో పునరుద్ధరించడం, 25 ఏళ్లు నిండిన గదులకు వేలం వేయడం అన్నది నియమం. చాలా పట్టణాల్లో పార్కులకు డబ్బు లేదనే మాట వెనుక వసూలు కాని అద్దె బకాయిలు ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. గదుల వారీగా లీజు తేదీ, ప్రస్తుత అద్దె, బకాయి మొత్తం, దానితో పాటు మీ పార్కు స్థలానికి సంబంధించిన కౌన్సిల్ తీర్మానం సంఖ్య, తేదీ, దాని నకలు అడగండి. “వివరాలన్నీ ఇవ్వగలరు” అని రాస్తే ఏమీ రాదు.