మీ ప్రశ్న – మా జవాబు: టిఫిన్ తిని ఫైబ్రోస్కాన్‌కి వెళ్తే...

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. షుగర్ లేదు. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్-2 ఫ్యాటీ లివర్ అన్నారు. బీచ్ రోడ్డులో వాకింగ్ చేసి, ఇడ్లీ తిని, అటునుంచి అటే కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్‌కి వెళ్తే 9.1 కిలోపాస్కల్ వచ్చింది. పది రోజులకు వేరే చోట పరగడుపున చేయిస్తే 6.8. ఏది నిజం? సూదితో కాలేయం ముక్క తీసి పరీక్షించాలా? రిపోర్టులు జతచేశాను.
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం

జవాబు: రెండోదే నమ్మండమ్మా. అన్నం, టిఫిన్ ఏది తిన్నా కాలేయానికి రక్తం ఎక్కువగా చేరుతుంది, అది బిగుసుకుంటుంది, అంకె పెరుగుతుంది. అందుకే కనీసం 3 గంటలు ఏమీ తినకూడదు.

ఈ పరికరం పక్కటెముకల మధ్య చిన్న తట్టు తడుతుంది. ఆ అల కాలేయంలో ఎంత వేగంగా పోతోందో అల్ట్రాసౌండ్ వెంటాడి కొలుస్తుంది. గట్టి కాలేయంలో అల వేగంగా పోతుంది. లెక్కలో వేగాన్ని వర్గం చేస్తారు: సెకనుకు 1 మీటరైతే 3 కిలోపాస్కల్, 2 మీటర్లైతే 12. వేగంలో చిన్న తేడా పడినా అంకె బాగా మారిపోతుంది. అందుకే పది సరైన కొలతలు తీసి మధ్యస్థం (వరసలో పెడితే నడిమి విలువ) ఇస్తారు.

దాని పక్కనే ఉండే ఐక్యూఆర్ అంకెను ఎవరూ చూడరు. చూడాల్సింది అదే. కొలతలు ఎంత చెదిరాయో అది చెబుతుంది; మధ్యస్థంలో 30 శాతం దాటకూడదు. మొదటి రిపోర్టులో 3.4 ఉంది, అంటే 37 శాతం. ఆ పరీక్ష అక్కడే మళ్లీ చేయాల్సింది. రెండోదానిలో 0.9, అంటే 13 శాతమే. పొట్ట లావుగా ఉండి చర్మం నుంచి కాలేయానికి 25 మిల్లీమీటర్లు దాటితే ఒంటికి ఆనించే మామూలు ఎం ప్రోబ్ బదులు లావుపాటి వారికి వాడే ఎక్స్‌ఎల్ ప్రోబ్ వాడమని అడగండి. పొట్టలో నీరు చేరితే ఈ పరీక్ష పనికిరాదు. కామెర్లున్నప్పుడు, గుండె బలహీనంగా ఉన్నప్పుడు కాలేయాన్ని గట్టిపరిచే మచ్చ (ఫైబ్రోసిస్) లేకున్నా అంకె పెరుగుతుంది.

గ్రేడ్-2 అన్నది కొవ్వు సంగతి. గట్టిదనం వేరే సంగతి. ఫ్యాటీ లివర్‌లో 8 కంటే తక్కువుంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. మీరు పంపిన రక్తపరీక్షతో, ముదిరిన మచ్చ ఉండే అవకాశాన్ని అంచనా వేసే ఫిబ్-4 కూడా లెక్కేశాం: వయసు 46ని కాలేయ ఎంజైమ్ ఎస్‌జీఓటీ 38తో గుణించి, ప్లేట్‌లెట్లు (వేలల్లో) 240నూ మరో ఎంజైమ్ ఎస్‌జీపీటీ 49 వర్గమూలం 7నూ గుణించిన దానితో భాగిస్తే 1.04. ఇది 1.3కి లోపే, అంటే ఆ అవకాశం తక్కువే. రెండూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి ఇప్పుడు సూది అక్కర్లేదని మా అభిప్రాయం. రిపోర్టులు మీ డాక్టరుకూ చూపించండి. రెండు మూడేళ్లకు మళ్లీ చూపించుకుంటే చాలు. బరువు మాత్రం ఇప్పటినుంచే తగ్గాలి.

ప్రశ్న: నాన్నగారి ఊపిరితిత్తిలో 6 మిల్లీమీటర్ల గడ్డ. సీటీ ఫిల్ములు తీసుకెళ్తే డాక్టరుగారు సీడీ తెమ్మన్నారు. ఎందుకు?
– గాజువాక పాఠకుడు

జవాబు: గడ్డ 6 నుంచి 7.5 మిల్లీమీటర్లకు పెరిగితే ఫిల్ములో తేడా కంటికి ఆనదు. ఘనపరిమాణం మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్ కొలవాలంటే 1 మిల్లీమీటరు పల్చటి స్లైసులు (స్కాన్ తీసే అడ్డకోత బొమ్మలు) డైకామ్ అనే వైద్య చిత్రాల ఫార్మాట్‌లో కావాలి, అవి సీడీలోనే వస్తాయి. 5 మిల్లీమీటర్ల స్లైసుల్లో అంచులు కలిసిపోతాయి. వాట్సాప్ ఫొటో అసలు పనికిరాదు. పల్చటి స్లైసులను చాలా సెంటర్లు ఎక్కువ కాలం ఉంచవు, స్కాన్ రోజే అడగండి. ఇంటికొచ్చాక సీడీ తెరిచి చూడండి: బొమ్మలు వందల్లో ఉండాలి.