వంటల సైట్ ఫోన్‌లో తెరుచుకోడానికి పది సెకన్లు పడుతోంది, పెద్ద హోస్టింగ్ ప్లాన్‌కి మారాలా?

ప్లాన్‌కి ఇప్పుడే డబ్బు కట్టకండి. నేను కట్టి చూశాను. నాది పిల్లల కథల సైట్. ఊళ్లో మా అత్తయ్య ఫోన్‌లో తెరిచినప్పుడల్లా "చక్రం తిరుగుతూనే ఉందిరా" అనేది. ఏడాది ప్లాన్ కట్టేశాక కూడా అదే మాట.

అప్పటికి బుద్ధొచ్చి క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో క్యాష్ (బ్రౌజర్ ముందే దాచుకున్న కాపీలు) ఆపి, వేగం 3జీకి తగ్గించి, ఫైళ్లను సైజు వారీగా పేర్చాను. సర్వర్ పాపం బాగానే ఉంది. దాని నెత్తిన నేనెక్కించిన మూటలే బరువు.

మొదటి మూట ఫొటోలు. వంటల సైట్ కాబట్టి మీకూ ఇదే అయ్యుంటుంది. 4000 పిక్సెళ్ల ఫొటోని వేలెడు చోటులో చూపిస్తున్నాను. వెడల్పు 800కి తగ్గించి, తక్కువ సైజులో ఇమిడే వెబ్‌పీ అనే ఫొటో ఫార్మాట్‌లోకి మార్చాను. ఆ ఊపులో అన్నిటికీ లేజీ లోడింగ్ (అక్కడిదాకా జరిపాకే ఫొటో దింపే పద్ధతి) పెట్టేస్తే, పేజీ పైన కనిపించే మొదటి ఫొటో ఇంకా ఆలస్యమైంది! దానికి మాత్రం పెట్టకూడదు. ప్రతి ఫొటోకీ వెడల్పు, ఎత్తు కోడ్‌లో రాయండి, లేకపోతే చదువుతుండగానే పేరా కిందికి జారిపోతుంది.

అసలు తంటా ఫాంట్‌తో వచ్చింది. యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే పట్టికలో) తెలుగుకి ఉన్నవి 128 గళ్లే అయినా, గుణింతాలు, వత్తులు కలిపి ఫాంట్‌లో వందల ఆకారాలుంటాయి. నేను అదే ఫాంట్‌కి మూడు మందాల ఫైళ్లు దించుతున్నాను. ఏదో ఉచిత టూల్‌తో ఫాంట్‌ని కత్తిరిస్తే ఫైలు భలే చిన్నదైంది. తీరా చూస్తే "అమ్మ" కాస్తా "అమ్‌మ" అయి కూర్చుంది. వత్తులు ఎలా కలవాలో చెప్పే జీసబ్ పట్టికను కూడా ఆ టూల్ కోసేసింది.

చివరికి తెలిసిందేమిటంటే, కథ చదవడానికి ఫాంట్ పంపక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో నోటో, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు, విండోస్‌లో నిర్మలా ముందే ఉంటాయి. అందుకే శీర్షికలకి రామభద్ర ఫాంట్ ఒక్కటే ఉంచి, సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపం చెప్పే కోడ్‌లో) ఫాంట్-డిస్‌ప్లేకి స్వాప్ పెట్టాను. ఫాంట్ దిగేలోపు అక్షరాలు మామూలు రూపంలో కనబడతాయి, తెల్ల పేజీ ఉండదు.

మూడు బొమ్మలు తిప్పే స్లైడర్ కోసం జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ, దానిమీద ఇంకో ప్లగిన్ మోశాను. రెండూ తీసేశాను, ఎవరూ అడగలేదు.

ఇంకోటి, సర్వర్‌లో ఫైళ్లను కుదించి పంపే జీజిప్ గానీ బ్రోట్లీ గానీ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. వెబ్ పేజీల్లో అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకి విడివిడిగా మూడేసి బైట్లు; "తెలుగు" అన్న మాటకే 18. కుదిస్తే బాగా తగ్గుతుంది.

మీ పేజీలో అన్నిటికన్నా పెద్ద ఫైళ్లు ఐదు, వాటి సైజులు ఇక్కడ పెట్టండి. ముందు దేన్ని కోయాలో చూద్దాం.