చలికి మాడిన పుదీనా, కరివేపాకు పీకేయాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సెమిలిగుడ దగ్గర పల్లె. పెరట్లో పుదీనా, కరివేపాకు, తులసి, వామాకు, నిమ్మగడ్డి, కొత్తిమీర పెంచి కుందులి సంతలో కట్టలు అమ్ముతాను. సాలూరులో మా పుట్టింట్లో ఇవే మొక్కలు ఏడాది పొడవునా నిగనిగలాడేవి. ఇక్కడ డిసెంబరు వచ్చేసరికి తులసి నల్లబడింది, వామాకు మెత్తగా కుళ్లిపోయింది, పుదీనా ఎండిపోయింది, కరివేపాకు ఆకంతా రాల్చేసింది. పోయినేడు ఇలాగే అయితే పీకేసి మళ్లీ కొత్తవి నాటాను. ఈసారి కూడా పీకేయమంటారా? పసుపు మొక్కల ఆకులు కూడా పసుపు రంగుకి తిరిగాయి, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, పీకేయకండి. పోయినేడు పీకేసిన పుదీనా కూడా నేలలో బతికే ఉండి ఉంటుంది, అదే నాకు బాధగా ఉంది.

సాలూరు నుంచి ఘాట్ ఎక్కితే సెమిలిగుడ. దూరం తక్కువే కానీ మీరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తుకు వచ్చేశారు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. దానికి తోడు మబ్బు లేని, గాలి ఆడని రాత్రుల్లో నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది, చల్లబడిన గాలి నీళ్లలాగే పల్లానికి జారి అక్కడే నిలిచిపోతుంది. మీ పెరడు గట్టు కింద పల్లంలో ఉంటే పక్కింటివాళ్ల మొక్కల కన్నా మీవే ముందు మాడతాయి. థర్మామీటర్ మూడు నాలుగు డిగ్రీలు చూపిస్తున్నా గడ్డి మీద తెల్లగా మంచు పేరుకునేది అందుకే, నేలను ఆనుకున్న చోట చలి అంతకన్నా ఎక్కువ.

ఇక మీ మొక్కల సంగతి. అన్నిటికీ ఒకటే మందు లేదు.

పుదీనా పైకి చచ్చినట్టు కనిపిస్తుంది కానీ నేలలో పాకే కాడలు బతికే ఉంటాయి. మంచు కురిసే దేశాల్లో కూడా ఇది పైన ఎండి, వేడి రాగానే మళ్లీ లేస్తుంది. ఎండిన కాడల్ని రెండు అంగుళాలు ఉంచి కోసేయండి, పైన నాలుగు వేళ్ల మందాన చోడి (రాగి) గడ్డి పరవండి. నీళ్లు వారానికోసారి చాలు. జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరిలో పిలకలు తీసి నాటుకోవడానికి మంచి అదను, అప్పుడు ఇందులోంచే కొత్త మడి వేసుకోవచ్చు, కొనాల్సిన పని లేదు. నిమ్మగడ్డి కూడా అంతే, ఆకు కొసలు తుప్పు రంగుకి తిరిగితే కంగారుపడి కోయకండి, ఆ పాత ఆకే దుబ్బుకి దుప్పటి. ఫిబ్రవరి ఆఖర్లో కోయండి.

కరివేపాకు ఆకు రాల్చడం జబ్బు కాదు. చలికి అది నిద్రపోతుంది. బతికుందో లేదో చూడాలంటే కొమ్మ కొస దగ్గర గోటితో బెరడు గీరండి, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే, గోధుమ రంగుంటే కాస్త కిందికి వచ్చి మళ్లీ గీరండి, మొదలు దాకా ఎక్కడో ఒకచోట పచ్చ కనిపిస్తే ఆశ వదలొద్దు. ఈ రెండు నెలలు కొమ్మలు కత్తిరించకండి, యూరియా వేయకండి, పుల్ల మజ్జిగ పోయకండి. నిద్రలో ఉన్న వేరు ఎరువు అందుకోదు, ఒకవేళ అందుకున్నా లేత చిగురు వేస్తుంది, ఆ చిగురునే చలి ముందు కాల్చేస్తుంది. చాలామంది దగ్గర కరివేపాకు పోయేది చలికి కాదు, ఆకు రాలిందని జాలిపడి రోజూ పోసే నీళ్లకి. చలిలో తడిసి ముద్దైన మట్టిలో వేరు కుళ్లిపోతుంది.

తులసి, వామాకు మాత్రం నిజంగా చలికి ఓర్వవు. వామాకు ఆకు నిండా నీరే, అది గడ్డకట్టి కణాలు పగిలిపోతాయి, అందుకే ఆకు ఉడికినట్టు మెత్తబడుతుంది. కుళ్లినంత మేరా తీసేసి, గట్టిగా ఉన్న కొమ్మ ఏదైనా దొరికితే వేలెడు ముక్క కోసి, ఒక రోజు నీడలో ఆరనిచ్చి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి వంటింట్లో పొయ్యికి కాస్త దూరంగా పెట్టండి. తులసికి వెన్నులు ఎండి ఉంటే నలిపి విత్తనం దాచుకోండి, మార్చిలో చల్లితే మొలుస్తుంది. ఉన్న మొక్కని కాపాడుకోవాలంటే కోటలోది కాకుండా ఇంకొకటి కుండీలో పెంచి, పగలు దక్షిణం వైపు గోడ పక్కన ఎండలో, రాత్రి లోపల ఉంచండి. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి నడుస్తాడు కాబట్టి ఆ గోడకి పొద్దంతా ఎండ తగులుతుంది.

కోటలోని తులసిని కదపలేరు కదా, దానికి సాయంత్రం పాత నూలు చీరో గోనె పట్టానో నాలుగు కర్రల మీద కప్పండి, కింద నేలకి తగిలేలా. పాలిథీన్ ఆకుకి ఆనితే ఆనిన చోటల్లా మాడుతుంది, అది వద్దు. ఎండ బాగా ఎక్కాక తీసేయండి. ఒక చిన్న విషయం, చాలామంది పొరబడేది: పుదీనాకి గడ్డి పరవమన్నాను కానీ కప్పు వేసిన తులసి మొదట్లో గడ్డి వద్దు. తడిగా ఉన్న వట్టి నేల పగలు ఎండని దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది, ఆ వేడినే మీ చీర లోపల పట్టి ఉంచుతుంది. మధ్యలో గడ్డి అడ్డం వేస్తే నేల వేడి మొక్కకి చేరదు. గడ్డి వేరుని కాపాడుతుంది, కొమ్మని కాదు. అలాగే మంచు పడేలా ఉన్న రోజు మధ్యాహ్నం పన్నెండు లోపే మొదట్లో కొద్దిగా తడపండి, సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లకండి.

కొత్తిమీరకి ఇదే పండగ కాలం, అలాగే మెంతికూరకి. సంతలో ఈ రెండు నెలలూ వీటి మీదే ఆధారపడండి, పుదీనాతో కుస్తీ పట్టకండి. చలికి మొలక ఆలస్యం అవుతుంది, రెండు మూడు వారాలు పట్టొచ్చు. ధనియాల్ని రెండుగా నలిపి రాత్రంతా నానబెట్టి చల్లండి. ఆకు మీద తెల్లటి పొడిలాంటి బూడిద తెగులు వస్తే ఒత్తుగా ఉన్నచోట పలచన చేసి, పట్టిన ఆకు తీసేయండి. తినే ఆకు, కోతకి దగ్గరగా ఉన్నది, దాని మీద మందు కొట్టమని నేను చెప్పను.

పసుపు మొక్కల ఆకు రంగు మారడం చలి దెబ్బ కాదమ్మా, దాని పంటకాలం అయిపోతోంది. ఆకు పూర్తిగా ఎండాక తవ్వండి. విత్తనం మార్చుకోవాలనుంటే మీకు దగ్గర్లోనే పొట్టంగిలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధన కేంద్రం ఉంది, రోమా, సురోమా పసుపు రకాలు అక్కడివే. తవ్వే ముందు ఒకసారి వెళ్లి మాట్లాడండి.

సంక్రాంతి అయిపోయింది కదా అని తులసి కుండీని రాత్రి బయట వదిలేయకండి. చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుందంటారు, మీ కొండ మీద అప్పటిదాకా ఆగడమే మంచిది.